చంద్రుడి మీద షిఫ్టు బంద్

పోయిన వారం పత్రికను పక్కింటివాళ్లు ‘ఒక్కసారి చూసి ఇస్తాం’ అని పట్టుకుపోయి ఇంతవరకూ తిరిగి ఇవ్వని పాఠకుల కోసం ముందుగా నాలుగు ముక్కలు. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో జైపాల్ నడిపే నెట్ సెంటర్‌కు మంథని అబ్బాయి అభినవ్ హైదరాబాదు నుంచి ఒక ఆట తీసుకొచ్చాడు. పేరు ‘ఆరో చంద్రుడు’. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుని, ఒకే గనిలోకి దిగి ఆడే ఆట. ఇంకా బజారులోకి రాలేదు, బీటాలో ఉంది. బీటా అంటే కూర దింపే ముందు ఉప్పు చూడమని పక్కవాళ్ల అరచేతిలో కాస్త వేయడం అన్నమాట. ఈ పరీక్షలో ఖని జట్టు బాగా ఆడితే, జైపాల్ సెంటర్ మేడ మీదే కంపెనీ వాళ్ల టెస్టింగ్ సెంటర్ వస్తుంది. దానికి పెద్ద మన సంధ్యారాణి. ఆ మాట నమ్మి ఆమె జ్యోతినగర్ బడిలో చేతికొచ్చిన టీచరు ఉద్యోగాన్ని వద్దంది. తండ్రి సదయ్య అరవలేదు. “నీ ఇష్టం బిడ్డా” అని టిఫిన్ డబ్బా పట్టుకుని బొగ్గుబాయి డ్యూటీకి పోయాడు. అరిచి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

ఇక రండి. అది 2011 ఎండాకాలం. తెలంగాణ కోసం బందు లేని వారం వస్తే అదే వింత. బందుల వల్ల వాయిదా పడుతూ వచ్చిన ఆట ఆ మధ్యాహ్నం ఎట్టకేలకు మొదలైంది. బయట రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. లోపల కూలర్ చేసే చప్పుడుకూ ఇచ్చే చల్లదనానికీ ఏ పొత్తూ లేదు. నాలుగు కంప్యూటర్ల ముందు నలుగురు: సంధ్య, ఆమె మేనబావ ప్రశాంత్, డిగ్రీలో ఆమెతో చదివిన ఎయిట్ ఇంక్లైన్ కాలనీ రాజకుమారి, సెంటర్ యజమాని జైపాల్. నలుగురి ఇళ్లలోనూ బొగ్గుబాయిలోకి దిగేవాళ్లున్నారు. అభినవ్ లోపలి చిన్న గదిలో ఐదో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అక్కడి నుంచి అతనికి ఆట మొత్తం కనిపిస్తుంది.

“ఒక్కటి గుర్తుపెట్టుకోండి,” అన్నాడతను గది గుమ్మంలోంచి. “ఆట అవగానే హైదరాబాదు నుంచి మా కంపెనీ వేదిక మేడం ఫోన్ చేస్తారు. మొదటిసారి ఆడితే ఏమనిపించిందో సంధ్య చెప్పాలి. బాగా చెప్పు సంధ్యా. సెంటర్ ఎక్కడ పెట్టాలో మేడం ఆ మాట మీదే తేలుస్తారు.”

“ఫికర్ చెయ్యకుండ్రి సార్,” అంది సంధ్య. గొంతులో ధీమా ఉంది కానీ మౌస్ మీద వేళ్లు చెమటతో జారుతున్నాయి.

తెర నల్లబడింది. తర్వాత వెలుగు వచ్చింది.

“ఓ అవ్వా!” అంది సంధ్య, పక్కన ఎవరున్నారో మరిచిపోయి.

నల్లటి ఆకాశం. అందులో సగం మేర చారల చారల గ్రహం ఒకటి, చేయి చాస్తే అందేటట్టు. కింద బూడిదరంగు నేల. ఆమె ఒక్క అడుగు వేయించగానే తెల్ల సూటు వేసుకున్న ఆమె బొమ్మ గాల్లోకి లేచి, తొందరేమీ లేనట్టు నెమ్మదిగా దిగింది. సంధ్యకు కడుపులో గిలిగింతలు పెట్టినట్టయింది. మళ్లీ ఎగిరింది. మళ్లీ. రాజకుమారి కిసకిసా నవ్వుతూ తన బొమ్మను గిరగిరా తిప్పుతోంది. ప్రశాంత్ పోయి జైపాల్‌ను గుద్దుకున్నాడు. ఖనిలో ప్రతి సాయంత్రం ఒళ్లు బరువై ఇల్లు చేరే మనుషుల మధ్య పెరిగిన పిల్ల, అంత తేలికగా నడవవచ్చని మొదటిసారి చూసింది. ఆ సంతోషం నిజమైనదే. దాన్ని ఎవరూ ఆమె దగ్గరి నుంచి తీసేయలేరు, తర్వాత జరిగినది కూడా తీసేయలేదు.

గని ముఖద్వారం దగ్గరికి అన్ని జట్లూ చేరాయి. పూణే నుంచి, బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి, పేరు తెలియని ఊళ్ల నుంచి. ఏ జట్టు ముందుగా తన బండిని నీలం రాళ్లతో నింపి పైకి తెస్తే వాళ్లదే గెలుపు. లోపలికి దిగబోయే ముందు ఒక చిత్రం జరిగింది. సంధ్య ఏమీ నొక్కకుండానే ఆమె బొమ్మ వంగింది. నేలను వేళ్లతో తాకి, ఆ వేళ్లను హెల్మెట్ అద్దానికి, కళ్లున్న చోట, అద్దుకుంది. పూణే వాళ్ల బొమ్మలూ అంతే చేశాయి.

సంధ్య చేయి ఆగిపోయింది. ఆమె బాపు సదయ్య బొగ్గుబాయి మొగదల రోజూ చేసే పని అది. దిగే ముందు మట్టి తాకి కళ్లకద్దుకుంటాడు.

“సార్, గిది ఎవలు పెట్టిన్రు?”

“మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు,” అన్నాడు అభినవ్ లోపలి నుంచి. “గని ఎలా ఉంటుందో మాకు చెప్పడానికి పెట్టుకున్నాం. ఆ దండం పెట్టకపోతే ఇంకేమీ చెప్పనని పట్టుబట్టాడు. కారణం అడిగితే చెప్పడు. సరే, దిగండి, జట్లన్నీ దిగుతున్నాయి.”

లోపల సొరంగం నిండా నీలి వెలుగు. గోడలు కడిగిన పళ్లెంలా మెరుస్తున్నాయి. “గిదేం బాయిరా,” అన్నాడు జైపాల్, “ఒక్కలు దగ్గుతలేరు, ఒక్కలు బూతులు తిడ్తలేరు.” అందరూ నవ్వారు. నవ్వుతూనే పనిలో పడ్డారు. ప్రశాంత్ ముందు డ్రిల్లు పట్టాడు. రాజకుమారి, జైపాల్ రాళ్లు ఎత్తారు. సంధ్య బండి తోసింది. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పుకోవలసిన పనే లేకపోయింది. బండి అంచు దాకా నిండుతోంది. తెర మూలన ఖని పేరు అన్నిటికన్నా పైకి పాకింది.

“సంధ్యా, మనమే ముందున్నం!” అని రాజకుమారి కుర్చీలోనే ఎగిరింది.

సంధ్యకు మేడ మీద గది కళ్లముందు కనబడింది. తెల్ల సున్నం, కొత్త కుర్చీలు, తలుపు మీద బోర్డు. బాపు ఆ బోర్డు కింద నిలబడి ఏమంటాడో కూడా వినబడింది.

అప్పుడు కప్పు కూలింది.

ముందు ఉన్నది ప్రశాంత్. తెర అంతా దుమ్ము లేచింది. దుమ్ము పోయాక చూస్తే అతని బొమ్మ రాళ్ల కింద బోర్లా పడి ఉంది. హెల్మెట్ దీపం రెండుసార్లు వెలిగి ఆరిపోయింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: ‘ఒక సభ్యుడు మరణించాడు. అతని వాటా మీ ముగ్గురికి చేరుతుంది. కొనసాగించండి.’ చూస్తుండగానే ముగ్గురి చేతుల్లోకీ కొత్త డ్రిల్లులు వచ్చి, ప్రశాంత్ డ్రిల్లు కన్నా జోరుగా తిరగసాగాయి. ఇక వాళ్లను ఆపేవాళ్లు లేరు.

బొగ్గు ఊళ్లలో పుట్టని పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. బాయిలో ఒక మనిషి పోతే ఆ షిఫ్టు అక్కడితో ఆగుతుంది. ఎవరూ చాటింపు వేయరు. చేతిలో ఉన్నది కింద పెట్టి అందరూ పైకొస్తారు. పోయినవాడు మనవాడా, ఏ యూనియన్, మంచివాడా చెడ్డవాడా అని అడగరు. ఆ పూట బొగ్గు కదలదు. తండ్రులు వేళ కాని వేళ ఇంటికి రావడం చూసి, ఎవరో పోయారని అర్థం చేసుకుంటూ పెరిగిన పిల్లలు ఈ నలుగురూ.

జైపాల్ మౌస్ మీది నుంచి చేయి తీశాడు. రాజకుమారి డ్రిల్లు కింద పడేసింది. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. సంధ్య బండి దగ్గరికి వెళ్లింది. రాళ్లయినా పట్టాలి, మనిషయినా పట్టాలి, రెండూ పట్టవు. ఆమె బండిని వంచింది. అంచు దాకా ఉన్న నీలం రాళ్లన్నీ గలగలా నేలపాలయ్యాయి. ప్రశాంత్ బొమ్మను ఎత్తి అందులో పడుకోబెట్టింది.

అసలు ప్రశాంత్ పక్క కుర్చీలో మిర్చిబజ్జి నములుతున్నాడు. “ఏయ్, ఏం జేస్తున్నవే? నన్నెందుకు మోస్తున్నరు? జల్ది రాళ్లెత్తుండ్రి, గెలుస్తున్నం!”

“నువ్వు సచ్చిపోయినవ్ అన్నా, సప్పుడు జెయ్యకు,” అంది రాజకుమారి. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకెందుకు ఏడుపొస్తోందో తనకే తెలియదు.

బండి సొరంగంలోంచి పైకి బయలుదేరింది. ముందు సంధ్య, అటూ ఇటూ మిగతా ఇద్దరు. దారిలో ఇతర జట్ల గుంపులు. వాళ్ల జట్లలోనూ ఎవరో ఒకరు బోర్లా పడి ఉన్నారు, వాళ్ల మీదుగానే మిగతావాళ్లు రాళ్లు మోస్తున్నారు. వీళ్లను చూసి కొందరు వెకిలి నవ్వుల గుర్తులు పంపారు. ఒకరిద్దరు మాత్రం డ్రిల్లు ఆపి చూశారు. సంధ్య ఎవరికీ జవాబు రాయలేదు. గని ముఖద్వారం దగ్గర, చారల గ్రహం వెలుగులో, బండి ఆపి ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే సదయ్య నెట్ సెంటర్ తలుపు తోసుకుని వచ్చాడు. మొదటి షిఫ్టు దిగి ఇంటికి పోతూ వచ్చాడు. జైపాల్‌తో పనుండి వచ్చినట్టు ముఖం పెట్టాడు కానీ, కూతురు నమ్ముకున్నదేమిటో చూడకుండా ఉండలేకపోయాడు. తలకు తువ్వాల, చేతిలో డబ్బా. తెర వైపు చూశాడు. బండిలో పడుకున్న మనిషి, చుట్టూ నిలబడ్డ మనుషులు. ఇంకేదీ అర్థం కాకపోయినా అది అర్థమైంది.

సదయ్య డబ్బా కింద పెట్టి, తల మీది తువ్వాల తీశాడు.

“ఎవలు పోయిన్రు బిడ్డా?”

“మన ప్రశాంత్ బావనే బాపూ.”

సదయ్య పక్క కుర్చీ వైపు చూశాడు. ప్రశాంత్ నోట్లో బజ్జితోనే “మామా” అన్నాడు. సదయ్య ముఖంలో నవ్వు రాలేదు.

“మరింకేం కూసున్నరు? లేవుండ్రి.”

ముగ్గురూ లేచి నిలబడ్డారు. తన చావుకు తాను నిలబడాలో వద్దో తెలియక ప్రశాంత్ సగం లేచి ఆగాడు. రాజకుమారి అతని చొక్కా పట్టుకుని పైకి లాగింది. మింగకుండా ఆగిన బజ్జి అతని బుగ్గలోనే ఉండిపోయింది.

అభినవ్ గదిలోంచి దాదాపు పరుగెత్తుకొచ్చాడు. “ఎవరు ఆపమన్నారు? గెలుపు చేతిలోకి వచ్చాక నేలపాలు చేస్తారా? అసలేం చేస్తున్నారు మీరు?”

“మనిషి పోయిండు సార్. షిఫ్టు బంద్.”

“మనిషి కాదు సంధ్యా, బొమ్మ!”

“ఎరికే సార్. బొమ్మ అని మాకూ ఎరికే. చేతులాడలే.”

అభినవ్ తల పట్టుకున్నాడు. కోపంలో, చెప్పకూడని మాట చెప్పేశాడు. “ఆ కప్పు దానంతటదే కూలలేదు. నేనే కూల్చాను, ఆ గదిలోంచి. ప్రతి జట్టులోనూ ఒకరిని. పక్కవాడు పోతే మిగతావాళ్లు ఎంత తొందరగా అతని వాటా అందుకుని ముందుకు పోతారో చూడడమే ఈ పరీక్ష. మిగతా జట్లన్నీ కళ్లు మూసి తెరిచేలోపు మళ్లీ పనిలో పడ్డాయి. మీరొక్కరే...”

సంధ్య కుర్చీని వెనక్కి నెట్టింది.

“మమ్ములనెందుకు ఎంచుకున్నరు?” అంది సంధ్య.

అభినవ్ తడబడ్డాడు. “గని పిల్లలు గట్టివాళ్లని మేడంకు హామీ ఇచ్చాను. చావులు చూసి అలవాటైనవాళ్లు, ఆగరు అని చెప్పాను.”

సంధ్యకు ఒళ్లు మండింది. ఇంతసేపూ సార్ అన్న మనిషిని ఆమె మొదటిసారి కళ్లలోకి చూసింది. “మీ మంథని మాకు దగ్గరనే. మా ఊరి సైరన్ సంగతి మీకు ఎరికే. గా సైరన్ వేళ గాని వేళ మోగితే నన్ను గన్న మా అవ్వ పొయ్యి మీది అన్నం గూడ సూసుకోదు, ఉరుకుతది. రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి మొగం సూస్తది, గది మా బాపేనా అని. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు అలవాటు కాలే. సావు అలవాటైతదని మీకెవలు జెప్పిన్రు సార్? మాకు అలవాటైంది ఆగుడు.”

సదయ్య గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. “సావు అలవాటు కాదని పోశం గిట్లనే అన్నడు,” అన్నాడు నెమ్మదిగా, తనలో తాను అనుకున్నట్టు. పోశం ఎవరో సంధ్యకు తెలుసు. బాపుతో జోడీగా పనిచేసినవాడు. తమ్ముడు బాయిలో పోయిన రోజు పైకొచ్చి, మట్టి తాకి కళ్లకద్దుకుని, మళ్లీ దిగనని చెప్పి ఊరు విడిచిపోయాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. బాపు అతని పేరెత్తడం ఆమె చాలా ఏళ్ల తర్వాత విన్నది.

బల్ల మీద అభినవ్ ఫోన్ మోగింది. తెర మీద ‘వేదిక మేడం’.

అభినవ్ గొంతు మారిపోయింది. ఇప్పుడది బతిమాలే గొంతు. “సంధ్యా, విను. కొత్తవాళ్లం, మీటలు తెలియక పొరపాటు జరిగింది, అను. ఒక్క మాట. సాయంత్రమే మళ్లీ ఆట పెట్టిస్తాను. సెంటర్ మీదే. నువ్వు బడి ఉద్యోగం కూడా వదులుకున్నావ్ కదా.”

ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది. ఒక్క మాట. పొరపాటు. అంతే. మేడ మీద గది, తలుపు మీద బోర్డు. సంధ్య తండ్రి వైపు చూసింది. సదయ్య తల ఎత్తలేదు. ఈసారీ ‘నీ ఇష్టం’ అన్నట్టే ఉన్నాడు. కానీ తువ్వాల ఇంకా తలకు చుట్టుకోలేదు.

అభినవ్ స్పీకర్ నొక్కాడు.

“హలో, సంధ్యారాణి గారా?” చురుకైన, తొందరలో ఉన్న గొంతు. “చెప్పండి, మొదటిసారి ఆడారు కదా, ఎలా అనిపించింది?”

“మంచిగనిపించింది మేడం,” అంది సంధ్య. అభినవ్ ఊపిరి వదిలాడు. “ఆకాశం సూసి నేను ఒర్రిన. గంత తేలికగ నడుసుడు మా ఊళ్లె ఎవ్వలకు రాదు. మీ చంద్రుడు శాన మంచిగున్నడు.”

“థ్యాంక్యూ. మరి ఆట మధ్యలో మీ జట్టు...”

“గదే జెప్తున్న. మీ బాయిల మనిషి పోతే ఆయన వాటా తీస్కునేటందుకు అక్షరాలు రాసిన్రు. ఆగేటందుకు ఏం పెట్టలే. ఒక మీట పెట్టుండ్రి మేడం. నొక్కితె అందరి పని ఆగాలె.”

అవతల నవ్వు. “అలా ఆగితే ఆట ఎలా నడుస్తుందండీ? అయితే మీరు ఆపింది పొరపాటున కాదా?”

అభినవ్ రెండు చేతులూ జోడించాడు, శబ్దం రాకుండా.

“పొరపాటు కాదు,” అంది సంధ్య. “ఎరిక ఉండే ఆపినం. సాయంత్రం మళ్ల ఆడుమంటె ఆడుతం. మీరు కప్పు మళ్ల కూల్చుండ్రి, మళ్ల ఆపుతం. ఎన్నిసార్లు కూలిస్తే అన్నిసార్లు.”

జైపాల్ ‘అయిపాయె’ అన్నట్టు కళ్లు మూసుకున్నాడు. మేడ మీది గది అతనిది కూడా కదా. అయినా అతను కూర్చోలేదు.

ఫోనులో గొంతు చల్లబడింది. “అభినవ్, ఆ నలుగురినీ ఆటలోంచి తీసేయ్. ఇప్పుడే. ఇక్కడ చూస్తున్నాను, పూణే జట్టులో ఇద్దరు పని ఆపి పైకి పోతున్నారు. ఇదేం అంటురోగం?”

అందరూ తెర వైపు తిరిగారు. నిజమే. ఎవరో ఇద్దరు తమ జట్టులో పడిపోయినవాణ్ని మోసుకుంటూ ముఖద్వారం దగ్గరికి వచ్చారు. ఎవరో, ఏ భాషవాళ్లో. ఖని బండి పక్కన తమవాణ్ని దించి, డ్రిల్లులు కింద పెట్టారు.

అభినవ్ గదిలోకి వెళ్లాడు. ఐదో కంప్యూటర్ ముందు కూర్చున్న చప్పుడు వినబడింది. సంధ్య కదలలేదు. తన బొమ్మ మాయమయ్యే క్షణం కోసం తెరనే చూస్తూ నిలబడింది. ఏడవకూడదని పళ్లు బిగించింది.

గనిలోంచి బంగారు రంగు సూటు ఒకటి పైకి వచ్చింది. ఆ ఆటలో ఆ రంగు ఒక్కడికే ఉంది, గనిని నడిపేవాడికి. బండి దగ్గరికి నడిచొచ్చి సంధ్య బొమ్మ ఎదురుగా ఆగింది. తర్వాత పక్కకు జరిగి, అందరితో పాటు వరసలో నిలబడింది.

“అభినవ్, ఏం చేస్తున్నావ్?” ఫోను అరిచింది.

“నా వల్ల కాదు మేడం,” అన్నాడు లోపలి నుంచి అభినవ్. “కూల్చింది నేను. తీసేయడం కూడా నా చేత చేయించకండి.”

ఒక్క క్షణం. బంగారు సూటు ఉన్న చోట ఖాళీ. హైదరాబాదు నుంచే తీసేశారు.

అభినవ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియని చేతులు. రాజకుమారి జరిగి తన పక్కన చోటిచ్చింది.

సంధ్య బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకుంది. “మేడం, మా దిక్కు ఇంకొకలు పోయిన్రు. షిఫ్టు బందే.”

అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, అడుగుల చప్పుడు. వేదిక గొంతు దూరంగా “మీరెందుకొచ్చారు, ఇది మీకు సంబంధం లేని...” అంటూ మధ్యలో ఆగిపోయింది. ఫోను చేతులు మారింది. బరువైన ఊపిరి. ఒక ముసలి గొంతు.

“నువ్వు ఏ బాయి బిడ్డవే?”

సంధ్య నోరు తెరిచేలోపు ఆమె వెనక నుంచి తండ్రి చేయి వచ్చి ఫోను అందుకుంది. సదయ్య దాన్ని చెవికి ఆనించలేదు. ముఖం ముందు పట్టుకుని, దానిలో మనిషి కనబడతాడేమో అన్నట్టు చూశాడు.

“పోశం,” అన్నాడు. “నా బిడ్డనే రా.”